ఇంగ్లిష్ నేర్పండి, తెలుగుకు ఫైన్ వేయకండి: విద్యాశాఖ అధికారులకు, బడుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారులకు, ఇంగ్లిష్ మీడియం బడులు నడిపే యాజమాన్యాలకు నమస్కారం.

నేను హనుమకొండలో ఒక చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. ఆన్‌లైన్ దరఖాస్తులు, అఫిడవిట్లు, బ్యాంకు ఫారాలు, స్కూలు పిల్లల ప్రాజెక్టు వర్కులు, రోజంతా ఇదే పని. అందులో పదికి తొమ్మిది కాగితాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, కాబట్టి నాకు అన్నం పెట్టేది ఇంగ్లిషే. ముందే ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, రెండు పేరాలు చదవగానే "ఇంకో భాషాభిమాని బయలుదేరాడు" అని మీరు పక్కన పెట్టేస్తారని నా అనుమానం. నేను ఇంగ్లిష్ వద్దనేవాణ్ని కాదు. మా పాపకు ఇంగ్లిష్ రావాలనే షాపు మీద వచ్చేదాంట్లో మూడో వంతు ఫీజు కింద కడుతున్నాను. రావట్లేదనే ఈ లేఖ.

జరిగింది చెప్తాను. మా పాప మూడో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో. స్కూలు పేరు రాయను, ఈ పని చేసేది ఆ ఒక్క స్కూలే కాదు. జులైలో ఒకరోజు డైరీలో ఎర్ర ఇంకుతో ఒక లైను రాసి పంపారు: "ఫైన్ ట్వెంటీ రుపీస్ ఫర్ స్పీక్ తెలుగు." ఏం మాట్లాడినవ్ రా అని అడిగితే, "కడుపుల నొస్తాంది టీచర్" అన్నదట. అంతే. ఇరవై రూపాయలు కట్టాం. రెండు వారాలకు మళ్లీ కడుపునొప్పి వచ్చింది, ఈసారి పాప నోరు మెదపలేదు. స్టమక్ అనే మాట తెలుసు, పెయిన్ అనే మాట తెలుసు, రెండింటినీ కలిపి ఎలా చెప్పాలో తెలియక, తప్పు చెప్తే పక్కవాళ్లు నవ్వుతారని బెంచీ మీద తల వాల్చి సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది. ఇంటికొచ్చే ఆటోలో వాంతులు. తిన్నది పడలేదని డాక్టరు మందులు రాశాడు, రెండు రోజుల్లో తగ్గింది. జబ్బు చిన్నదే. కానీ నొప్పి అని చెప్పుకోవడానికి ఎనిమిదేళ్ల పిల్ల భయపడింది, అది మాత్రం నాకు చిన్నదిగా కనిపించడం లేదు.

డైరీలోని ఆ లైను ఇంకోసారి చదవండి. ఫర్ స్పీకింగ్ అని ఉండాలి. టీచరమ్మను ఎగతాళి చేయడానికి చెప్పట్లేదు, ఆమె కూడా నాలాగే తెలుగు మీడియంలో చదివి వచ్చిన మనిషి, చాలీచాలని జీతానికి ఆరు పీరియడ్లు చెప్తుంది. ఆమెకు ఇంగ్లిష్ ఎవరూ సరిగ్గా నేర్పలేదు, ఇప్పుడు ఆమె చేతికి ఫైన్ పుస్తకం ఇచ్చారు.

ప్రిన్సిపాల్‌ను కలిస్తే "ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడించండి" అని సలహా ఇచ్చి పంపారు. విద్యాశాఖ ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చాను. జవాబు లేదు. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇంకోటి ఇచ్చాను, తెలుగులో రాసి, డైరీ పేజీ జిరాక్స్ జతచేసి (సొంత షాపే కాబట్టి ఖర్చు లేదు). నలభై రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "యువర్ గ్రీవెన్స్ హ్యాజ్ బీన్ డిస్పోజ్డ్ ఆఫ్." మా ఆవిడ చదివించుకుని, "అంటే పరిష్కారం చేసిన్రనా, పారేసిన్రనా?" అని అడిగింది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. స్కూల్లో ఫైన్లు ఇప్పటికీ నడుస్తున్నాయి గనుక రెండోదే అనుకుంటున్నాను.

తెలుగు నోరు మూయిస్తే ఇంగ్లిష్ నోరు తెరుచుకుంటుందని నమ్మేవాళ్లకు ఆ ఇంగ్లిష్ కథే కొంచెం చెప్పాలనిపిస్తోంది. షాపులో గిరాకీ లేనప్పుడు చదువుకున్నదే.

1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు అక్కడ రాజుగారి భాష, కోర్టు భాష, పెద్దింటి భాష ఫ్రెంచ్. చదువు, చర్చి లాటిన్. ఇంగ్లిష్ అంటే పొలం దున్నేవాళ్లు మాట్లాడుకునేది. ఆ సంగతి ఇప్పటికీ మన ఆదివారం సంతలో కనిపిస్తుంది, గొర్రె బతికున్నప్పుడు షీప్, అది మేపేవాడి మాట, కోసి వండాక మటన్, అది తినే దొర మాట, ఫ్రెంచ్ నుంచి వచ్చింది. 1362లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది: కోర్టుల్లో వాదనలు ఫ్రెంచ్‌లో జరుగుతుంటే జనానికి అర్థం కావట్లేదు, ఇకనుంచి ఇంగ్లిష్‌లో వాదించాలి అని. తమాషా ఏమిటంటే ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచ్‌లోనే. ఆఫీసులు ఎక్కడైనా ఆఫీసులే. న్యూటన్ కూడా 1687లో తన పెద్ద పుస్తకం లాటిన్‌లో రాశాడు, కాంతి మీద రాసిన పుస్తకం 1704లో గానీ ఇంగ్లిష్‌లో రాలేదు. అంటే ఇంగ్లిష్‌లో సైన్సు చెప్పొచ్చని ఇంగ్లండు వాళ్లకే నమ్మకం కుదరడానికి అంత కాలం పట్టింది.

1600 ప్రాంతంలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అరకోటి అటూ ఇటూ. ఇప్పుడు తెలుగువాళ్లం 2011 జనాభా లెక్కల ప్రకారమే 8 కోట్లు దాటాం. ఆ చిన్న భాష లోకమంతా పాకడానికి దాని వ్యాకరణం గొప్పదవడం కారణం కాదు. ముందు ఓడలు, కంపెనీ, సామ్రాజ్యం, తర్వాత అమెరికా డబ్బు, ఆ తర్వాత విమానాలు, కంప్యూటర్లు. పోయిన ప్రతిచోటా సిగ్గుపడకుండా మాటలు అడిగి తెచ్చుకుంది. మన పందికొక్కును తీసుకుపోయి బాండికూట్ అని పెట్టుకుంది, గోల్కొండ పేరును తరగని సంపద అనే అర్థంలో వాడుకుంది. ఈరోజు సుమారు 150 కోట్ల మంది ఇంగ్లిష్ మాట్లాడతారని అంచనా, అందులో అది అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు 40 కోట్లకు మించరు. మిగతావాళ్లంతా ఇంట్లో ఇంకో భాష పెట్టుకుని దీన్ని నేర్చుకున్నవాళ్లే. ఇంకో భాషను తొక్కితేనే ఇది వస్తుందంటే ఇంతమందికి ఎలా వచ్చినట్టు?

మన ఊరి సంగతి కూడా మీకు గుర్తుచేయాలి. నిజాం కాలంలో చదువు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియాలో డాక్టరీ చదువు కూడా ఉర్దూలోనే చెప్పారు, మంచి సంగతే, కానీ మన పిల్లలకు అదీ పరాయి భాషే. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలి చేశారు, ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం అనే సంస్థ పుట్టింది. అంతకుముందే, 1904లో, ఇదే హనుమకొండలో మన పెద్దలు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టి తెలుగు పుస్తకాలు కూడబెట్టారు. అదే ఊళ్లో ఇప్పుడు తెలుగు మాట్లాడితే ఇరవై రూపాయలు. పైగా సెప్టెంబరు 9న కాళోజీ జయంతి అని మా పాప స్కూల్లో ఫోటోకు దండ వేసి, తెలంగాణ భాషా దినోత్సవం జరిపారు, స్టేజీ మీద యాంకరింగ్ మొత్తం ఇంగ్లిష్‌లో.

ఇంకో వాదన నాకు తెలుసు. పేదల పిల్లలకు ఇంగ్లిష్ అందకుండా చేసి, పెద్దింటి పిల్లలను మాత్రం కాన్వెంట్లకు పంపుకున్నారని. మా ఓరుగల్లు జిల్లాలోనే పుట్టిన కంచ ఐలయ్య గారు ఏళ్ల తరబడి ఇదే చెప్తున్నారు, సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కావాలని కొట్లాడారు. అంతకు చాలా ముందే సావిత్రీబాయి ఫూలే ఇంగ్లిష్ నేర్చుకొమ్మని పద్యాలు రాసింది. వాళ్లు చెప్పింది నిజమే, నేను కాదనను, మన చదువుల్లోకి ఇంగ్లిష్ తెచ్చిన మెకాలేను తిట్టే ఉపన్యాసాలు విని విని నాకూ విసుగొచ్చింది. కానీ ఇంగ్లిష్ అందించడం వేరు, ఇంగ్లిష్ పేరు చెప్పి భయపెట్టడం వేరు. మొదటిది అడిగితే మీరు రెండోది ఇస్తున్నారు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో నేను చూసింది రాస్తాను.

1. పిల్లలు అవసరానికి నోరు తెరవడం మానేస్తారు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా విమానం, దిగడానికి వరుస దొరక్క గంటకు పైగా ఆకాశంలోనే తిరిగింది. ఇంధనం అయిపోతోందని పైలట్లు చెప్పారు, ప్రయారిటీ కావాలని అడిగారు. కానీ ఎమర్జెన్సీ అనే ఒక్క మాట కంట్రోల్ వాళ్లకు చెప్పలేదు. అక్కడివాళ్లకు తీవ్రత తెలియలేదు, విమానం కూలి 73 మంది పోయారు. తప్పు ఆ ఒక్క మాటదే అనడం లేదు, ఇంధనం లెక్క చూసుకోలేదని కూడా విచారణలో తేల్చారు. అయినా అవసరం పడ్డ క్షణంలో సూటిగా చెప్పగలగడమే భాష అని విమానాలకు నిబంధనలు పెట్టే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పట్టుకుంది. 2008 నుంచి విదేశీ సర్వీసులు నడిపే పైలట్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్షలో చూసేది మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం, అంతే. సొంత భాష యాస వినపడినా ఫర్వాలేదు, ఎదుటివాడికి అర్థమైతే చాలని ఆ నిబంధనల్లోనే ఉంది. మా పాప స్కూల్లో మాత్రం "ఇస్కూల్" అన్నందుకు ఒక పిల్లాణ్ని మూడు పీరియడ్లు నిలబెట్టారు.

2. చదవడం వస్తుంది, తెలియడం ఉండదు. మొన్న ఆత్మకూరు వైపు నుంచి ఒక రైతు, ఆయన కొడుకు షాపుకొచ్చారు. పిల్లాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియమే. బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు మీద నోటీసు వచ్చింది, రెండు కాపీలు తీయాలి. మిషన్ వేడెక్కేలోపు తండ్రి "చదువు బిడ్డా, ఏం రాసిన్రో" అన్నాడు. పిల్లాడు టీవీలో వార్తలు చదివినట్టు చదివాడు, ఒక్క చోట తడబడలేదు. తండ్రి మొహంలో ఆ గర్వం మీరు చూడాలి. "ఇంతకీ ఏమంటున్రు?" అన్నాడు. పిల్లాడు కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు, కాసేపటికి "ఎవరో ఫెయిలయిన్రని ఉన్నది బాపూ" అన్నాడు. అందులో ఉన్నది "ఫెయిలింగ్ విచ్", అంటే అలా చేయకపోతే అని. ఫలానా తారీఖులోపు కట్టాలి, కట్టకపోతే నగలు వేలం వేస్తాం అని. ఆ తారీఖుకు ఇంకా ఆరు రోజులే ఉంది. నేను తెలుగులో చెప్తుంటే ఆ పిల్లాడు తల ఎత్తలేదు. పన్నెండేళ్లు ఫీజు కట్టిన చదువు అది.

3. ప్రశ్న అడిగే అలవాటు పోతుంది. మా పాప మొన్న ఎన్, ఏ, ఎం, ఇ అని కూడబలుక్కుని "నామె" అని చదివింది, క్లాసంతా నవ్విందట. నేను వెతికితే తెలిసిందేమిటంటే, ఆరు వందల ఏళ్ల కింద ఇంగ్లండులో చాసర్ అనే కవి కాలంలో ఆ మాటను దాదాపు "నామ" అనే పలికేవాళ్లు. 1476లో కాక్స్టన్ అక్కడ అచ్చు మిషన్ పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడిపోయాయి, నోట్లో పలుకుబడి మాత్రం మారుతూ పోయింది, అందుకే రాసేది ఒకటి, చదివేది ఒకటి. నైట్ అనే యోధుడి పేరు ముందు కె అక్షరం ఒకప్పుడు పలికేదే. అప్పు అనే అర్థమున్న డెట్‌లో బి అక్షరం మాత్రం ఎప్పుడూ పలకలేదు, లాటిన్ మీద మోజుతో పండితులు మధ్యలో ఇరికించారు. ఇది చెప్తే పాప కళ్లు పెద్దవి చేసి "అయితే నాది తప్పు కాదా నాన్నా?" అంది. తప్పే, కానీ తెలివిగల తప్పు. అలాంటి తప్పు చేసిన పిల్లకు సంగతి చెప్పాలి గానీ చెంప మీద కొట్టినట్టు నవ్వడమేంటి?

4. సైన్సూ లెక్కలూ కూడా పోతాయి. ఫోటోసింథసిస్ డెఫినిషన్ బట్టీ పడతారు, ఆకు ఎండలో తన తిండి తాను వండుకుంటుందని మాత్రం తెలియదు. తెలుగు మీడియంలో కిరణజన్య సంయోగక్రియ అని మేం పట్టింది కూడా బట్టీయే, ఒప్పుకుంటాను.

5. తల్లిదండ్రులు తప్పుకుంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో అన్నీ ఇంగ్లిష్‌లో చెప్తుంటే మా ఆవిడ తల ఊపి వచ్చింది, తర్వాత పోవడమే మానేసింది. ఆమె పదో తరగతి ఫస్ట్ క్లాసు. రోజూ పాప పక్కన కూర్చుని లెక్కలు చెప్పగల మనిషి.

ఇక నేను అడిగేవి. ఇందులో కొత్త చట్టం కావాల్సింది ఒక్కటీ లేదు.

1. తెలుగు మాట్లాడినందుకు ఫైన్, నిలబెట్టడం, మెడలో బోర్డు వేలాడదీయడం, ఇంకే శిక్ష ఉన్నా ఆపాలని అన్ని బడులకూ రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదంటోంది. అదే చట్టం 29వ సెక్షన్, వీలైనంతవరకు బోధన అమ్మభాషలో ఉండాలంటోంది. 2018లో మన రాష్ట్రమే ఒకటి నుంచి పది దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒక పీరియడ్‌లో తప్పనిసరి అయిన భాష మిగతా పీరియడ్లలో నేరం ఎట్లా అవుతుంది?

2. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. చాలా మంచి పని. నా షాపులో ఆ పేజీలు జిరాక్స్ తీయించుకునే ప్రైవేటు స్కూలు తల్లిదండ్రులు ఉన్నారు. ఆ పుస్తకాలు ప్రైవేటు బడుల ప్రైమరీ క్లాసుల్లో కూడా వాడించండి, కనీసం ఇంటికి కొనుక్కునేలా దొరకనివ్వండి.

3. టీచర్లకు నేర్పండి. ఇంగ్లిష్ ఎలా నేర్పాలో నేర్పడానికే 1958లో హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు, ఇప్పుడది ఇఫ్లూ, పెద్ద యూనివర్సిటీ. మా దగ్గర్నుంచి మూడు గంటల ప్రయాణం. ఎండాకాలం సెలవుల్లో ప్రైవేటు టీచర్లకు కూడా శిక్షణ ఇప్పించండి, ఆ రోజులకు జీతం యాజమాన్యం కట్టాలని షరతు పెట్టండి. యాజమాన్యాలు ఈ మాటకు ఉలిక్కిపడతాయని తెలుసు.

4. అయిదో తరగతి దాకా ఇంగ్లిష్ పరీక్షలో సగం మార్కులు మాట్లాడటానికి, వినడానికి ఇవ్వండి. కడుపునొప్పి అని చెప్పడం, దారి అడగడం, కాగితం మీద ఉన్నది అమ్మానాన్నలకు తెలుగులో విడమరిచి చెప్పడం. మై కౌ ఎస్సే నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఆ ఆవుకు ఇంకా నాలుగు కాళ్లే, అందరి నోట్‌బుక్కుల్లో అవే ఎనిమిది లైన్లు.

5. తెలుగులో ఇచ్చిన దరఖాస్తుకు తెలుగులో జవాబివ్వండి. 1966 నుంచి ఇక్కడ తెలుగు అధికార భాష.

నా రెండు దరఖాస్తుల రసీదులు, డైరీ పేజీ, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ప్రింటు నా దగ్గరున్నాయి. దసరా సెలవుల తర్వాత బడులు తెరిచి పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ ఏమీ రాకపోతే ఎక్కడెక్కడ ఎంతెంత ఫైన్ వేశారో తల్లిదండ్రుల దగ్గర డైరీ పేజీలు సేకరించి ఫైలు చేస్తాను, స్కూళ్ల పేర్లతో సహా పై అధికారులకు పంపుతాను. అలాంటి పేజీలు ఉన్నవాళ్లు షాపుకు తీసుకురండి, జిరాక్స్ ఉచితం. స్కూలు వాళ్లు ఇరవై రూపాయలు వాపసు ఇస్తామంటే తీసుకుంటాను, ముట్టినట్టు రసీదు తెలుగులో రాసిస్తాను.

ఇట్లు,
మూడో తరగతి పాప తండ్రి,
హనుమకొండ